ఎన్ఐడబ్ల్యూ: తిరుపతిలో చేసిన వేరుశనగ రీసెర్చ్ అమెరికా వాళ్ల కంటికి ఆనుతుందా?

వాణి_చంద్రగిరి

అందరికీ నమస్తే. తిరుపతి ఎస్వీ వ్యవసాయ కళాశాలలో ప్లాంట్ పాథాలజీ పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు ఒక ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్‌ని, కాంట్రాక్టు పోస్టు, ప్రాజెక్టు ముగిస్తే ఇంటికే. నా పనంతా వేరుశనగలో కాండం కుళ్ళు తెగులు మీద. తట్టుకునే లైన్లు (ఇంకా రకంగా విడుదల కాని వంగడాలు) ఏవో వడపోయడం, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రంలో ఏ రకం దాన్ని బాగా అణుస్తుందో చూడటం. పేపర్లు పదకొండు, ఫస్ట్ ఆథర్‌గా ఐదు, గూగుల్ స్కాలర్‌లో సైటేషన్లు డెబ్బై పైచిలుకు. జార్జియాలో ఒక యూనివర్సిటీ ల్యాబ్ వాళ్లు పోస్ట్‌డాక్ ఇస్తామంటున్నారు, జే-1 (కొన్నాళ్లు పనికో చదువుకో వెళ్లి తిరిగొచ్చేవాళ్ల వీసా) మీద రమ్మని.

ఈలోగా మా మరిది టౌన్లో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లాడు. ఎన్ఐడబ్ల్యూ (నేషనల్ ఇంటరెస్ట్ వేవర్) అని ఒకటుందంట, ఏ కంపెనీ స్పాన్సర్ చేయనక్కర్లేదంట, పీహెచ్‌డీ ఉంటే చాలంట, ఎనిమిది లక్షలిస్తే ఏడాది తిరిగేలోపు గ్రీన్‌కార్డు చేతిలో పెడతారంట. గోడ నిండా వీసా స్టాంపుల ఫొటోలు. నా రీసెర్చ్ దేని మీదని ఒక్కరూ అడగలేదు, సర్టిఫికెట్లు జిరాక్స్ తీసుకుని అడ్వాన్సు ఎప్పుడు కడతారన్నారు. ఇంట్లో మా అత్తమ్మ అప్పుడే చుట్టాలకి ఫోన్లు చేసి మా కోడలికి గ్రీన్‌కార్డు వస్తా ఉందని చెప్పేసింది, ఇప్పుడు ఆ టెన్షన్ ఒకటి.

నాకు తెలియాల్సింది ఇదీ. నిజంగా ఇక్కడ కూర్చుని వేసుకోవచ్చా? డెబ్బై సైటేషన్లకి ఇస్తారా? అన్నిటికన్నా ముందు, చిత్తూరు జిల్లా చెనిక్కాయ చేలో తెగులు గురించి అమెరికా ఆఫీసరు ఎందుకు పట్టించుకుంటాడు?

పాకాల_అబ్బాయి

చెల్లెమ్మా, ముందు ఆ అడ్వాన్సు కట్టొద్దు. నాది పాకాల, జార్జియాలోనే పంటల రీసెర్చ్‌లో ఉన్నా, నా ఎన్ఐడబ్ల్యూ ఐ-140 (గ్రీన్‌కార్డుకి ముందు వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. లాయర్ని కాదు, నా కేసు కోసం చదివిందీ పక్కవాళ్ల కేసుల్లో చూసిందీ చెప్తున్నా.

వాళ్లు చెప్పిందాంట్లో సగం నిజమే. స్పాన్సర్ అక్కర్లేదు. ఈబీ-2 అంటే పెద్ద చదువులవాళ్లకిచ్చే ఉద్యోగ గ్రీన్‌కార్డు కోటా, దానికి మామూలుగా ఒక సంస్థ నీకు ఉద్యోగం ఇవ్వాలి, ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర రుజువు చేసుకోవాలి. దేశానికి మేలు జరుగుతుంది కాబట్టి ఆ తతంగం నాకు మాఫీ చేయండి అని మనమే అడగడం ఎన్ఐడబ్ల్యూ. ఐ-140 నీ పేరు మీద నువ్వే వేసుకోవచ్చు, చంద్రగిరిలో కూర్చుని కూడా. ప్రభుత్వ ఫీజు 715 డాలర్లు, సొంతంగా వేసుకునేవాళ్లకి దాని మీద ఇంకో 300. త్వరగా చూడమంటే ప్రీమియం ఫీజు వేరే. అది కడితే 45 పనిదినాల్లో ఏదో ఒకటి తేలుస్తారు, అంతేగానీ ఔననే చెప్తారని కాదు, ఇంకా రుజువులు పంపమని ఆర్ఎఫ్ఈ కూడా ఇవ్వొచ్చు. ఈ లెక్కలో ఎనిమిది లక్షలు ఎక్కడ పోతాయో నువ్వే అడుగు వాళ్లని.

పీహెచ్‌డీ ఉంటే చాలన్నది మాత్రం ఉత్త మాట. అది గుమ్మం దాటిస్తుందంతే. లోపలికెళ్లాక 2016లో ధనసార్ కేసు తీర్పులో పెట్టిన మూడు పరీక్షలుంటాయి. ఒకటి, నువ్వు చేయబోయే పనికి విలువ ఉండాలి, అది దేశస్థాయిలో ముఖ్యం కావాలి. రెండు, ఆ పనిని ముందుకు తీసుకెళ్లే సత్తువ నీకుందని చూపించాలి. మూడు, ఉద్యోగం ఆఫరూ లేబర్ సర్టిఫికేషనూ (ఇందాక చెప్పిన లేబర్ డిపార్ట్‌మెంట్ రుజువు) లేకుండా నిన్ను తీసుకోవడం అన్నివిధాలా చూసుకుంటే వాళ్లకే లాభమని ఒప్పించాలి. మనవాళ్లు చేసేసిన పని గురించి పేజీలకు పేజీలు రాసి, చేయబోయేదానికి ఒక పేరా పడేస్తారు. ఆఫీసరు మొట్టమొదట వెతికేది ఆ పేరానే.

ఆ ధనసార్ అనే ఆయన హైపర్‌సోనిక్ ప్రొపల్షన్ పరిశోధకుడు. రీసెర్చ్‌తో పాటు పిల్లలకు పాఠాలు చెప్తానని కూడా పెట్టుకున్నాడు. రీసెర్చ్‌ని ఒప్పుకున్నారు, క్లాసులో పాఠాలు చెప్పడానికి దేశస్థాయి ప్రాముఖ్యం లేదన్నారు, ఎందుకంటే ఆ మేలు ఎదురుగా కూర్చున్న పిల్లలతోనే ఆగిపోతుంది. కాబట్టి 'వ్యవసాయ విద్యకు సేవ చేస్తాను' లాంటి వాక్యాలతో పిటిషన్ నింపకు.

ఇక నీ అసలు ప్రశ్న, చెనిక్కాయ తెగులు వాళ్లకెందుకని. నవ్వొచ్చింది నాకు. మన చేలల్లో కాండం కుళ్ళు తెచ్చే స్క్లెరోషియం రోల్ఫ్‌సీ ఉంది చూడు, మొక్క మొదట్లో తెల్లగా బూజు పట్టి, దాని మీద ఆవగింజల్లాంటివి కనిపిస్తాయే, అదే శిలీంధ్రాన్ని ఇక్కడ రైతులు వైట్ మోల్డ్ అంటారు. అమెరికాలో పండే వేరుశనగలో దాదాపు సగం ఈ ఒక్క జార్జియాలోనే పండుతుంది. దానికి మందు కొట్టడానికి వీళ్లు పెట్టే ఖర్చు ఏటా సీజన్లో వినీ వినీ నాకు విసుగొచ్చింది. నువ్వేమో ఆ తెగులు మీదే పీహెచ్‌డీ చేసి, ఇది వాళ్లకెందుకు అంటున్నావు.

సర్వదర్శనం

పాకాల అన్న చెప్పిందంతా కరెక్టే గానీ అత్తమ్మ చుట్టాలకు చెప్పిన సంగతి ఎవరూ సరిచేయలేదు. ఐ-140 అప్రూవల్ గ్రీన్‌కార్డు కాదండీ బాబూ. శ్రీనివాసం దగ్గర తెల్లారుజామున టోకెన్ తీసుకున్నట్టు అది, దర్శనం వేరే.

ఏటా ఉద్యోగ కోటాలో ఇచ్చేవి సుమారు 1,40,000, అందులోనే భార్యాభర్తలు, పిల్లలు కూడా లెక్క. ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకి ఏడు శాతం మించనివ్వరు. మనవాళ్లేమో లక్షల్లో. 2025 వీసా బులెటిన్లు (వరస ఏ తేదీవాళ్ల దాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే పట్టిక) తీసి చూడండి, ఇండియా ఈబీ-2 వరస 2012, 2013 దగ్గరే నత్తనడక నడిచింది. అంటే పన్నెండేళ్ల కిందట వేసినవాళ్లకి అప్పుడు పిలుపొచ్చింది. ఇవాళ వేసే వాణిగారికి ఎప్పుడొస్తుందో లెక్కేయడానికి కాలిక్యులేటర్ కాదు, పంచాంగం కావాలి. ఏడాదిలో గ్రీన్‌కార్డు అన్నవాడి ఆఫీసులో ఆ బులెటిన్ ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టండి.

ఇంకో మాట. పుట్టిన దేశం చూస్తారు, పాస్‌పోర్టు కాదు. భర్త వేరే దేశంలో పుట్టుంటే ఆ దేశం వరసలో నిలబడొచ్చు. గల్ఫ్‌లో పుట్టిన మనవాళ్లు చాలామందికి ఇది తెలియదు.

పాకాల_అబ్బాయి

@సర్వదర్శనం, క్యూ సంగతి నిజమే, నేనూ అందులోనే నిలబడున్నా. కానీ దానికోసం వేయడమే మానుకోమంటే తప్పు. ఐ-140 వేసిన తేదీయే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మన చోటు, అది మనతోనే వస్తుంది. రేపు పని పెరిగి ఈబీ-1ఏకి (అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల కోటా) తగ్గ స్థాయి వచ్చి, అందులో ఇంకో ఐ-140 వేసి అప్రూవ్ అయితే పాత తేదీనే వాడుకోవచ్చు. ఈబీ-1 ఇండియా వరస కూడా వెనకే ఉంది గానీ ఈబీ-2 అంత ఘోరం కాదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి అప్రూవైన ఐ-140 ఉంటే ఆరేళ్ల గడువు దాటాక కూడా మూడేసి ఏళ్లు పొడిగింపులిస్తారు, భార్యకో భర్తకో హెచ్-4 మీద పనిచేసుకునే పర్మిషన్ వస్తుంది. మా ఆవిడ అట్లాగే ఉద్యోగంలో చేరింది. వెయ్యి డాలర్ల ఫీజుకి అదేం తక్కువ కాదు.

మదనపల్లె_మంజు

వాణి అక్కా, వీళ్లిద్దరూ ఒకదాని గురించి మాట్లాడలేదు, నీకు అదే ముఖ్యం. నీ ఆఫరు జే-1 కదా. జే-1 ఇంటర్వ్యూలో పని అయ్యాక వెనక్కి వస్తానని నమ్మించాల్సింది నువ్వు. డీఎస్-160 వీసా దరఖాస్తు ఫారంలో నీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. ఎన్ఐడబ్ల్యూ నువ్వే వేసుకున్నా దానికి జవాబు అవుననే. అక్కడ అవునని పెట్టి, కిటికీ దగ్గర తిరిగొచ్చేస్తానంటే ఆఫీసరు 214(బి), అంటే తిరిగొస్తారన్న నమ్మకం లేదనే సెక్షన్ కింద తిప్పి పంపొచ్చు. లేదని అబద్ధం రాస్తే ఇంకా పెద్ద తంటా, అది మోసం కిందకి పోతుంది, జన్మలో వదలదు. అందుకే జే-1 స్టాంపింగ్ ముందా ఎన్ఐడబ్ల్యూ ముందా అనేది తేల్చుకోకుండా కన్సల్టెన్సీ మాట విని ఫారం పంపేస్తే చేతికొచ్చిన పోస్ట్‌డాక్ కూడా పోతుంది. హెచ్-1బీకి ఈ గొడవ లేదు, దాని మీద ఉండి గ్రీన్‌కార్డుకి వేసుకోవచ్చు.

పాకాల_అబ్బాయి

మంజు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నేనే ముందు రాయాల్సింది. యూనివర్సిటీలకి హెచ్-1బీ లాటరీ ఉండదు కాబట్టి పోయిన కాలంలో అయితే 'హెచ్-1బీ వేయమని అడుగు' అనేవాణ్ణి. కానీ 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవాళ్లకి కొత్తగా వేసే పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలన్నారు, పోస్ట్‌డాక్ జీతమే అంత ఉండదు. అందుకే నీకు జే-1 ఇచ్చుంటారు, వాళ్ల తప్పేం లేదు.

జే-1లో ఇంకో మెలిక, రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలనే షరతు. మునుపు మన సబ్జెక్టులు చాలావాటికి స్కిల్స్ లిస్టు (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో చెప్పే జాబితా) వల్ల అది పడేది. 2024 డిసెంబర్ 9న ఆ లిస్టు మార్చి ఇండియాని తీసేశారు, పెద్ద ఊరట. కానీ నీ ఫెలోషిప్‌లో మన ప్రభుత్వానిదో వాళ్ల ప్రభుత్వానిదో డబ్బు ఉంటే షరతు అట్లాగే ఉంటుంది, ఎన్ఐడబ్ల్యూ అప్రూవ్ అయినా అది పోదు. జీతం ఏ గ్రాంటు నుంచి వస్తుందో, జే-1కి యూనివర్సిటీ ఇచ్చే డీఎస్-2019 ఫారంలో ఏం రాస్తారో అడిగి తెలుసుకో. సిగ్గుపడకు, అందరూ అడుగుతారు.

మాస్టారు_భవానీనగర్

అమ్మా వాణీ, నేను ఈ ఊళ్లోనే పనిచేసి రిటైరైనవాణ్ణి. అమెరికా కేసులకి సిఫారసు ఉత్తరాలు చాలా రాశాను, కాబట్టి ఉత్తరాల సంగతి వరకు చెప్తాను.

పిల్లలు ఒక డ్రాఫ్టు పంపి సంతకం పెట్టండి సార్ అంటారు. తెరిచి చూస్తే 'ఈమె కష్టపడే స్వభావం కలది, వినయవిధేయతలు గలది, జట్టుగా పనిచేయగలదు'. పెళ్లిచూపులకి పనికొస్తుందమ్మా ఆ ఉత్తరం. పైగా ఆరు ఉత్తరాల్లోనూ అవే వాక్యాలు, ఆరుగురు ప్రొఫెసర్లకీ ఒకే ఇంగ్లీషు. చదివేవాడు అమాయకుడేం కాదు.

ఉత్తరంలో ఉండాల్సింది ఒక్కటే, నీ పని వల్ల ఇంకొకరి పని ఎట్లా మారిందని. నువ్వు సిక్ ప్లాట్లో (తెగులు కావాలనే పెంచిన మడి) లైన్లు పరీక్షించే ఉంటావు. జొన్న గింజలు ఉడకబెట్టి వాటి మీద శిలీంధ్రాన్ని పెంచి, మొక్క మొదళ్ల దగ్గర వేసి, ఏ లైను వాడింది ఏది నిలబడింది అని మార్కులు వేస్తాం కదా. ఆ పద్ధతిని వేరే సెంటర్ వాళ్లు తీసుకున్నారా? నువ్వు నిలబడిందన్న లైనుని ఏ బ్రీడరైనా క్రాసింగ్‌లో వాడాడా? వాడి ఉంటే ఆ బ్రీడరు చేత రాయించు. నీ గైడు రాసేదానికన్నా, నీ ముఖం చూడకుండా నీ పేపరు చదివి వాడుకున్నవాడు రాసిన అర పేజీకి బరువెక్కువ. గైడు ఉత్తరం కూడా ఉండాలనుకో, నువ్వు ఏం చేశావో దగ్గరుండి చూసింది ఆయనే కదా.

సైటేషన్లు డెబ్బై చాలవా అనడిగావు. ఇన్ని ఉండాలనే గీత ఏ రూల్లోనూ లేదు. మాలిక్యులర్ బయాలజీ వాళ్లకి వచ్చినన్ని సైటేషన్లు పొలంలో పనిచేసే పాథాలజిస్టుకి రావు, అది ఆ రంగం తీరు. ఆ తేడా పిటిషన్లో నువ్వే చెప్పాలి, ఆఫీసరు తనంతట తాను ఊహించుకోడు. అయితే మన రంగంలో సైటేషన్లని మించిన రుజువులున్నాయి, వాటినే ఎవరూ పెట్టరు. రకం విడుదలైతే గెజిట్ నోటిఫికేషన్, బ్రీడర్ సీడ్ ఇండెంట్లు (మూల విత్తనం కావాలని వచ్చిన కోరికలు), కొత్త లైన్లని దేశమంతా పరీక్షించే ఆలిండియా కోఆర్డినేటెడ్ ట్రయల్స్ రిపోర్టుల్లో నీ ఎంట్రీ, కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) వాళ్లు రైతుల పొలాల్లో వేసిన ప్రదర్శన క్షేత్రాల రికార్డు. నారాయణి, ధరణి లాంటి తిరుపతి రకాలు ఎన్ని ఎకరాలకు పాకాయో చెప్పే కాగితాలు ఏ జర్నల్లోనూ ఉండవు, ఆఫీసుల్లో ఫైళ్లలో ఉంటాయి.

ఒక ఉదాహరణ చెప్పి ఆపుతాను. కాళహస్తి తెగులని మనకొకటుంది, నులిపురుగు వల్ల కాయల మీద మచ్చలొచ్చి నల్లబడతాయి. తట్టుకునే రకానికి ఆ ఊరి పేరే పెట్టారు, కాళహస్తి అని. దాని మీద పనిచేసినవాడు అమెరికా పిటిషన్లో స్వర్ణముఖి ఒడ్డు ఇసుక నేలల కథ రాస్తే ఎవరికి కావాలి? వేరుశనగలో నులిపురుగుని తట్టుకునే గుణాన్ని వెతికి పట్టుకోవడం నాకొచ్చు, మీ దక్షిణాది రాష్ట్రాల్లో వేరుముడి నులిపురుగు ఉంది, దాని మీద ఇదీ నేను చేయబోయేది, అని రాస్తే అప్పుడు కథ వేరు.

వాణి_చంద్రగిరి

అందరికీ చాలా థ్యాంక్స్. అడ్వాన్సు కట్టలేదు, మరిదికి ఈ పేజీ పంపాను, అలిగాడు. అత్తమ్మకి ఇంకా చెప్పలేదు.

మాస్టారూ, నేను పరీక్షించిన లైన్లలో ఒకటి కోఆర్డినేటెడ్ ట్రయల్స్‌కి వెళ్లింది, కానీ ఎంట్రీ బ్రీడర్ పేరు మీద ఉంటుంది కదా, నా పేరు తెగుళ్ల డేటా టేబుల్లో చిన్నగా ఉంటుంది. అది కూడా రుజువేనా?

పాకాల అన్నా, చేయబోయే పని గురించి ఒక వాక్యం రాసి చూశా: 'వేరుశనగ తెగుళ్లపై ఉన్నతస్థాయి పరిశోధన కొనసాగించి, అమెరికా వ్యవసాయాభివృద్ధికీ ప్రపంచ ఆహార భద్రతకూ తోడ్పడటం నా లక్ష్యం.' ఎట్లుంది?

పాకాల_అబ్బాయి

కలెక్టరాఫీసు గోడ మీద రాసినట్టుంది చెల్లెమ్మా, ఏమనుకోకు.

వరి మీద పనిచేసేవాడూ ఇదే రాస్తాడు, మామిడి మీద పనిచేసేవాడూ ఇదే రాస్తాడు. వ్యవసాయం ముఖ్యం, ఆహార భద్రత ముఖ్యం అంటే ఎవరూ కాదనరు, కానీ రంగం ముఖ్యమైనంత మాత్రాన నీ పని ముఖ్యమైపోదని తిప్పి కొడతారు, ఆర్ఎఫ్ఈల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇట్లా రాసి చూడు: వైట్ మోల్డ్‌ని తట్టుకునే వేరుశనగ లైన్లను గుర్తించే పొలంస్థాయి పరీక్షని జార్జియా నేలలకీ అక్కడి శిలీంధ్రం ఐసొలేట్లకీ (అక్కడి పొలాల నుంచి వేరుచేసిన నమూనాలు) సరిచేస్తాను, తట్టుకున్న లైన్లని బ్రీడర్లకి అందిస్తాను, దానికి తోడు ట్రైకోడెర్మాతో విత్తనశుద్ధి కలిపితే శిలీంధ్రనాశిని పిచికారీలు ఎన్ని తగ్గించొచ్చో తేలుస్తాను. దాని కింద, ఫలితం ఒక్క ల్యాబుకో ఒక్క కౌంటీకో కాక అలబామా, ఫ్లోరిడా రైతులకి కూడా ఎట్లా చేరుతుందో రాయి. ఎక్స్‌టెన్షన్ (రైతులకి సలహాలిచ్చే) వాళ్ల ద్వారానా, విత్తనం ద్వారానా, పేపర్ల ద్వారానా అనేది స్పష్టంగా ఉండాలి. ఇదే శిలీంధ్రం టమాటానీ ఇంకా చాలా పంటల్నీ కూడా పడుతుంది కదా, ఆ ముక్క కూడా మర్చిపోకు.

నీ ఆఫరు లెటరు కూడా పెట్టు. ఉద్యోగం ఆఫరు అక్కర్లేదు కదా అని దాచేస్తారు కొందరు. తప్పనిసరి కాదు నిజమే, కానీ ఆ పని చేయడానికి ల్యాబూ పొలమూ డబ్బూ నీకు సిద్ధంగా ఉన్నాయని చెప్పే కాగితం అదే, రెండో పరీక్షకి సరిగ్గా సరిపోతుంది.

మదనపల్లె_మంజు

కానీ అక్కా వరస మాత్రం మర్చిపోకు, ముందు జే-1 స్టాంపింగ్, అక్కడికెళ్లి చేరి కొన్నాళ్లు పనిచేశాక ఎన్ఐడబ్ల్యూ. అప్పటికి అక్కడి పొలం డేటా కూడా చేతిలో ఉంటుంది, చేయబోయే పని అని కాగితం మీద కాకుండా మొదలెట్టిన పని అని చూపించొచ్చు. జే-1 మీద ఉండగా వేశాక ఇండియా వచ్చి మళ్లీ స్టాంపింగ్‌కి వెళ్లాలంటే రిస్కే, కాబట్టి చెల్లెలి పెళ్లిళ్లు గట్రా ఏమైనా ఉంటే ముందే చూసుకో. దీనికి మాత్రం ఒక మంచి ఇమిగ్రేషన్ లాయర్‌తో గంట మాట్లాడు, ఆ గంటకి డబ్బు పెట్టడం దండగ కాదు.

సర్వదర్శనం

అత్తమ్మకి ఏం చెప్పాలో నేను చెప్తా. 'వస్తుంది, మనవడి ఉపనయనం లోపు' అనండి. ఎప్పుడో ఆవిడ అడగదు.

మాస్టారు_భవానీనగర్

టేబుల్లో చిన్నగా ఉన్నా పేరు పేరేనమ్మా. కోఆర్డినేటెడ్ ప్రాజెక్టు వార్షిక రిపోర్టులో ఆ పేజీ, కవరు పేజీతో సహా కాపీ తీసుకో. ఆ లైను పంపిన బ్రీడరు దగ్గరికి స్వయంగా వెళ్లు, ఫోన్లో అడిగితే తర్వాత చూద్దాం అంటారు. 'తెగులు పరీక్ష ఈమె చేసింది, ఆ ఫలితం చూసే ఈ లైనుని ట్రయల్స్‌కి ఎంపిక చేశాను' అని రెండు వాక్యాలు ఆయన తన మాటల్లో రాస్తే చాలు. ఆ ప్రాజెక్టులో ఉన్నవాళ్లు బదిలీ అయిపోకముందే ఈ పని ముగించు, తర్వాత ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పేవాడు కూడా ఉండడు. సిక్ ప్లాట్ ఫొటోలు తేదీలతో సహా నీ దగ్గరుంటే వేరే డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకో, కాంట్రాక్టు అయిపోగానే ఆఫీసు కంప్యూటర్ నీది కాదు.